వంగే మంచానికి తగిన పరుపు కవరు

పరుపు కవరు కొనేటప్పుడు చాలామంది చూసేవి పొడవు, వెడల్పు అనే రెండు కొలతలే. కదలని మంచానికి ఆ రెండూ సరిపోతాయి. తలవైపు లేచి, మోకాళ్ల దగ్గర వంగి, మళ్లీ చదునుగా మారే మంచానికి సరిపోవు. పరుపు వంగిన ప్రతిసారీ దాని పై ముఖం, అడుగు ముఖం వేర్వేరు పొడవులకు మారుతాయి కాబట్టి, ఆ రెండింటినీ చుట్టుకొని ఉండే బట్టకు ఆ మార్పును తట్టుకునే గుణం ఉండాలి. అది లేని కవరు ఎంత ఖరీదైనదైనా నాలుగు రోజుల్లో మూలల నుంచి ఊడి మధ్యకు చేరుతుంది. అందువల్ల ఈ మంచానికి కవరు ఎంచుకునేవారు పరుపు చదునుగా ఉన్నప్పటి ఆకారాన్ని కాక, పూర్తిగా లేచినప్పటి ఆకారాన్ని ముందుగా దృష్టిలో పెట్టుకోవాలి.

ఈ రకం మంచానికి పుట్టినిల్లు ఆసుపత్రి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో అమెరికన్ శస్త్రవైద్యుడు విల్లిస్ గాచ్ రూపొందించిన, పిడి తిప్పితే తలభాగం, మోకాళ్ల భాగం లేచే మంచం ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. పిడి స్థానంలో విద్యుత్ మోటారు వచ్చాక అదే ఏర్పాటు ఇళ్లలోకి ప్రవేశించింది. రాత్రిపూట ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులతో బాధపడేవారు, గురకపెట్టేవారు, కాళ్ల వాపు ఉన్నవారు, పడుకొని చదువుకునే అలవాటున్నవారు దీన్ని కొంటారు. దంపతులిద్దరి అవసరం ఒకటి కానప్పుడు, ఒకరు తలవైపు ఎత్తుకుంటే రెండోవారు చదునుగా పడుకోగలిగేలా మంచాన్ని నిలువుగా రెండు సగాలు చేసి, ఒక్కో సగానికి విడి మోటారు, విడి పరుపు అమరుస్తారు. ఈ ఏర్పాటును దుకాణాల్లో స్ప్లిట్ అడ్జస్టబుల్ బెడ్, అంటే జంట సర్దుబాటు మంచం, అంటారు.

కొలతల విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క కావడంతో గందరగోళం అక్కడే మొదలవుతుంది. అమెరికాలో కింగ్ మంచం 76 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని సగం చేస్తే 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల రెండు పరుపులు వస్తాయి, ఆ కొలతను అక్కడ ట్విన్ ఎక్స్ఎల్ అంటారు. పొట్లం మీద ట్విన్ అని మాత్రమే ఉంటే పొడవు 75 అంగుళాలే కాబట్టి, ఎక్స్ఎల్ అనే ఆ రెండక్షరాలు చూసుకోకుండా కొన్న కవరు అయిదు అంగుళాలు పొట్టిదవుతుంది. కాలిఫోర్నియా కింగ్ అనే పొడవైన రకంలో సగం 36 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు ఉంటుంది. బ్రిటన్‌లో సూపర్ కింగ్ సగమంటే 90 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవు. అక్కడి మామూలు సింగిల్ పొడవు 190 సెంటీమీటర్లే. భారతదేశంలో కింగ్ పరుపు సాధారణంగా 72 అంగుళాల వెడల్పుతో, 72, 75 లేదా 78 అంగుళాల పొడవుతో దొరుకుతుంది కాబట్టి దాని సగం వెడల్పు 36 అంగుళాలు. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న 36, 78 కొలత పరుపుకు అమెరికాలోని పిల్లలు పంపిన ట్విన్ ఎక్స్ఎల్ కవరు తొడిగితే పొడవులోనూ వెడల్పులోనూ రెండేసి అంగుళాలు వదులవుతుంది. మామూలు మంచం మీద ఆ వదులును అంచుల కిందికి దోపి సరిపెట్టుకోవచ్చు గానీ, వంగే మంచం మీద అదంతా నడుము కింద ముడతగా పోగవుతుంది.

ట్విన్ ఎక్స్ఎల్ గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల వసతిగృహాల్లో మంచాలు ఎక్కువగా ఈ కొలతవే కావడంతో, చదువుల సంవత్సరం మొదలయ్యే ముందు వేసవిలో ఆ కొలత షీట్లు దుకాణాల్లో చవకగా, విస్తారంగా దొరుకుతాయి. అయితే వసతిగృహపు పరుపులు పలుచనివి, సర్దుబాటు మంచం మీద వేసే పరుపులు తరచు 10 నుంచి 14 అంగుళాల మందం గలవి. పొడవు, వెడల్పు అచ్చుగుద్దినట్టు సరిపోయినా లోతు చాలక ఆ షీటు మూలలను అందుకోలేదు. చవకబేరం చేసేవారు ముందుగా పొట్లం మీద లోతు ఎంతని ఉందో చూడాలి.

కవరు అనే ఒక్క మాట కింద దుకాణదారులు నాలుగు వేర్వేరు వస్తువులను అమ్ముతారు. ఫిట్టెడ్ షీటు అంటే అంచు పొడవునా ఎలాస్టిక్ కుట్టిన, తరచు విప్పి ఉతుక్కునే దుప్పటి. ప్రొటెక్టర్ అంటే దాని కింద ఉండి, చెమట, తేమ, ఒలికిన మంచినీళ్లు పరుపులోకి దిగకుండా ఆపే పలుచని రక్షక కవరు. ఎన్‌కేస్‌మెంట్ అంటే పరుపు ఆరు ముఖాలనూ కప్పి జిప్పుతో మూసే సంచి. పరుపు తయారీదారే తొడిగి ఇచ్చే పైతొడుగు నాలుగోది. ఈ నాలుగింటి పనులు వేరు కాబట్టి ఒకటి కొని మరొకదాని ఫలితం ఆశించడం వృథా. వీటిలో ఏదీ బాగా మందంగా ఉండకపోవడం ఈ మంచానికి మేలు, ఎందుకంటే పొరలు పెరిగినకొద్దీ వంపు దగ్గర ముడతలూ పెరుగుతాయి.

ముడత ఎందుకు పుడుతుందో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే. మోచెయ్యి మడిచినప్పుడు పొడుగు చేతుల చొక్కాకు మోచేతి లోపలివైపు బట్ట నలిగి పోగుపడుతుంది, బయటివైపు బిగుసుకుంటుంది. మంచం తలవైపు లేచినప్పుడు పరుపు కూడా నడుము దగ్గర అలాగే మడత పడుతుంది, అక్కడ పై ముఖం లోపలివైపు, అడుగు ముఖం బయటివైపు అవుతాయి. ఈ తేడా ఎంతో లెక్కగట్టడం కష్టం కాదు. పరుపు లోపలి పొరలు ఒకదానిమీద ఒకటి జారవనుకుంటే, అడుగు ముఖానికీ పై ముఖానికీ వచ్చే పొడవు తేడా పరుపు మందాన్ని వంపు కోణంతో గుణించినంత ఉంటుంది. ఆ కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో, అంటే వృత్తచాపం పొడవును వ్యాసార్థంతో పోల్చి చెప్పే కొలతలో, తీసుకోవాలి. 60 డిగ్రీలు సుమారు 1.05 రేడియన్లు. 10 అంగుళాల పరుపు తలవైపు 60 డిగ్రీలు లేస్తే రెండు ముఖాల మధ్య దాదాపు పదిన్నర అంగుళాల తేడా వస్తుందన్నమాట. ఫోమ్ కొంత నొక్కుకుపోయి, కొంత జారి ఈ తేడాను తగ్గిస్తుంది; మోకాళ్ల దగ్గర వంపు ఎదురుదిశలో ఉంటుంది కాబట్టి అక్కడ కొంత తిరిగి వస్తుంది. అయినా మిగిలేది తక్కువేమీ కాదు. 14 అంగుళాల పరుపుకు ఇదే లెక్క వేస్తే తేడా 14 అంగుళాలు దాటుతుంది. మందమైన పరుపు విలాసవంతమైనదని భావించి కొనేవారు దాని కవరుకు పడే శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవడం మంచిది.

ఈ లెక్కలోంచి కొన్ని నియమాలు వాటంతటవే తేలుతాయి. అడుగు ముఖం సాగుతుంది కాబట్టి, అడుగున మూలలను మాత్రమే పట్టుకొనే చిన్న ఎలాస్టిక్ ముక్కలు మొదట తలవైపు మూలల్లో ఊడతాయి. అంచు చుట్టూ పూర్తిగా కుట్టిన వెడల్పాటి ఎలాస్టిక్ నిలుస్తుంది. కవరు లోతు పరుపు మందానికి సమానంగా ఉంటే చాలదు, పరుపు కింద కనీసం రెండు మూడు అంగుళాలు మడిచి పట్టుకునేంత అదనంగా ఉండాలి. పరుపు మీద విడిగా టాపర్, అంటే పలుచని అదనపు పరుపు, వేసుకుంటే దాని మందాన్ని కూడా కలుపుకోవాలి. అంటే 10 అంగుళాల పరుపుకు 13 అంగుళాల లోతు, 2 అంగుళాల టాపర్ ఉంటే 15 అంగుళాల లోతు వెతకాలి. అలాగని 18 అంగుళాల లోతు కవరును 8 అంగుళాల పరుపుకు తొడగడమూ తప్పే, వదులైన బట్ట అడుగున గుట్టపడి, మంచం కదిలినప్పుడు చట్రం పట్టీల మధ్యకు జారుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పక్కల బట్ట స్వభావం. నేసిన బట్ట, అంటే మగ్గం మీద పడుగూ పేకగా అల్లినది, ఏటవాలుగా తప్ప సాగదు. అల్లిక బట్ట, అంటే బనియన్ బట్టలాగా ఉచ్చులుగా అల్లినది, అన్ని వైపులకూ సాగి తిరిగి ముడుచుకుంటుంది. పైభాగం నేతబట్టగా ఉన్నా, పక్కలు అల్లిక బట్టతో చేసిన కవరు ఈ మంచానికి బాగా ఒదుగుతుంది. మెమరీ ఫోమ్ పరుపైతే పైభాగం కూడా సాగే బట్టే కావాలి. బిగుతుగా, సాగకుండా పరిచిన బట్ట ఒంటి బరువును డప్పు తోలు మాదిరి ఆపేసి, ఫోమ్‌ను లోతుకు కుంగనివ్వదు, దాంతో డబ్బు పోసి కొన్న మెత్తదనం బట్ట పైనే ఆగిపోతుంది.

మూలలకు కట్టే క్లిప్పుల పట్టీలను, అంటే పరుపు కింద నుంచి ఒక మూలను మరో మూలకు కలిపే ఎలాస్టిక్ తాళ్లను, చాలామంది పరిష్కారంగా భావిస్తారు. కొలత సరైన కవరుకు అవి తోడ్పడతాయి. పొట్టి కవరును మాత్రం నిలబెట్టలేవు, పైగా బిగించిన తాడు మోటారు చట్రానికి తగులుకొని తెగే అవకాశం ఉంది. తలవైపు రెండు మూలల మధ్య అడ్డంగా ఒక తాడు, కాళ్లవైపు ఒక తాడు చాలు. నిలువుగా పొడవునా కట్టిన తాడు పరుపు వంపును అడ్డుకుంటుంది.

రెండు సగాలను కలిపి ఒకే కింగ్ షీటు పరచవచ్చా అనే సందేహం ప్రతి కొనుగోలుదారుకూ వస్తుంది. రెండు సగాలూ ఎప్పుడూ కలిసే లేచేలా రిమోట్‌ను అమర్చుకున్నవారికి అది సాధ్యమే. ఒక సగం లేచి రెండోది చదునుగా ఉండే ఇంట్లో మాత్రం ఒకే షీటు రెండింటి మధ్య గుడారంలా సాగి, చదునుగా పడుకున్నవారి వైపు నుంచి ఊడుతుంది. విడివిడిగా కదలడం కోసమే కొన్న మంచాన్ని షీటుతో తిరిగి కట్టేయడంలో అర్థం లేదు. అందువల్ల ప్రొటెక్టర్లు రెండు, ఫిట్టెడ్ షీట్లు రెండు ఉండాలి. పైన కప్పుకునే దుప్పటి ఒకటా రెండా అనేది ఇంటివారి ఇష్టం. జర్మనీలో ఇద్దరి మంచానికి కూడా రెండు విడి పరుపులు, రెండు విడి రజాయిలు ఉండడం మామూలే కాబట్టి, విడి దుప్పట్లను దాంపత్యంలో ఎడబాటుకు గుర్తుగా తీసుకోనక్కర్లేదు. ఒకే పెద్ద దుప్పటి కావాలనుకునేవారు దాన్ని కాళ్లవైపు దోపకుండా వదులుగా వదలాలి.

రెండు పరుపుల మధ్య ఉండే సందును చూసి విసుగెత్తి, దాన్ని ఫోమ్ పట్టీతో పూడ్చి పైన ఒకే కవరు వేసేవారున్నారు. ఆ పట్టీ చదునుగా ఉన్న మంచానికే పనికొస్తుంది. సందు వైపు పక్కలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ కదులుతాయని గుర్తించాలి. మందపాటి దూది కుట్టిన ప్రొటెక్టర్లు రెండూ ఆ సందులో ఇరుక్కుంటే పరుపులు బయటికి తోసుకుపోతాయి, గరుకు బట్టైతే నూలు ఉండలు కడుతుంది. పక్కలు పలుచని, నున్నని అల్లిక బట్టగా ఉన్న కవరు ఇక్కడ కూడా మేలు. కాళ్లవైపు ఒకటిగా ఉండి, తలవైపు మూడో వంతు మాత్రమే చీలిన స్ప్లిట్ టాప్ పరుపుకు దాని చీలిక పొడవుకు సరిపడే ప్రత్యేక షీటు కావాలి. షీటు చీలిక పరుపు చీలిక కంటే పొట్టిగా ఉంటే తలవైపు ఎత్తిన ప్రతిసారీ చీలిక చివర కుట్టు చిరుగుతుంది, కనుక కొనేముందు పరుపు చీలికను టేపుతో కొలిచి తీరాలి.

తేమను ఆపే పొర విషయంలో ఇళ్లలో పాత అలవాటు ఒకటి కొనసాగుతోంది. ఆసుపత్రుల్లో నర్సులు మెకింటోష్ అని పిలిచే రబ్బరు షీటు, 1823లో చార్లెస్ మెకింటోష్ పేటెంటు పొందిన రబ్బరు పూత బట్టకు వారసురాలు. పసిపిల్లల కిందా, మంచం పట్టిన పెద్దల కిందా అదే తరహా షీటునో రెగ్జిన్‌నో పరచడం తెలుగు ఇళ్లలో పరిపాటి. అవి నీటిని ఆపుతాయి, కానీ ఒంటి నుంచి వచ్చే ఆవిరిని కూడా ఆపి వీపును చెమటతో తడుపుతాయి. వంగే మంచం మీద మడత పడేచోటనే మొదట పగులుతాయి. పాలీయూరిథేన్ పలుచని పొరను అల్లిక బట్ట వెనక అతికించి చేసిన ప్రొటెక్టర్ నీటిని ఆపుతూనే నీటి ఆవిరిని కొంతమేరకు బయటికి పోనిస్తుంది, బట్టతోపాటు సాగుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల ఉక్కపోతలో ఈ తేడా ఒక్క రాత్రిలో తెలుస్తుంది. పొర పైభాగానికి మాత్రమే ఉండి, పక్కలు పొర లేని సాగే బట్టగా ఉన్న రకం ఎక్కువమందికి సరిపోతుంది.

ఆరు ముఖాలనూ మూసే జిప్పు సంచి అందరికీ అవసరం లేదు. నల్లుల బెడద ఉన్న ఇంటికీ, దుమ్ము పురుగుల వల్ల తుమ్ములు, ఆయాసం వచ్చేవారికీ అది ఉపయోగపడుతుంది. కంటికి దాదాపు కనిపించని ఈ పురుగుల పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగో వంతు ఉంటుంది, అసలు ఎలర్జీ కలిగించే వాటి మలరేణువులు ఇంకా చిన్నవి కాబట్టి, బట్ట రంధ్రాలు కొద్ది మైక్రాన్లకు మించకూడదు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత దట్టమైన బట్ట సాగదు కనుక, వంగే మంచానికి సంచి తీసుకునేవారు జిప్పు మూడు వైపులా తిరిగినదా, కుట్లు రెండు వరుసలుగా ఉన్నాయా, పూర్తిగా ఎత్తినప్పుడు అడుగు భాగం బిగుసుకుపోతోందా అన్నవి చూడాలి. పరుపుతోపాటు వచ్చిన పైతొడుగుకు జిప్పు ఉందని దాన్ని విప్పి ఉతకడం ఇంకో సంగతి. కొన్ని ఫోమ్ పరుపుల్లో ఆ తొడుగు కింద మంటను ఆపే లోపలి సంచి ఉంటుంది. అమెరికాలో 2007 నుంచి అమల్లో ఉన్న అగ్ని భద్రతా నిబంధన కోసం అమర్చిన ఆ సంచుల్లో కొన్ని గాజునూలుతో చేసినవి. తొడుగు విప్పితే ఆ నూలు ముక్కలు ఇల్లంతా చెదిరి చర్మానికి, కళ్లకు బాధ కలిగిస్తాయి. విప్పవచ్చని చీటీ మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ జిప్పును ముట్టుకోకూడదు.

బట్ట నాణ్యతకు దారాల సంఖ్యను, అంటే చదరపు అంగుళంలోని పడుగు, పేక దారాల మొత్తాన్ని, కొలబద్దగా చూపించే ప్రకటనలను అంతగా నమ్మనక్కర్లేదు. పురిపెట్టిన ఒక్కో దారంలోని పోగులను విడివిడిగా లెక్కించి వెయ్యి అని అచ్చువేయడం కష్టమేమీ కాదు. 200 నుంచి 400 మధ్య మంచి నూలు బట్ట చాలు. అంతకంటే పట్టించుకోవలసింది కుంచించుకుపోవడం. ముందుగా కుదించని నూలు బట్ట తొలి ఉతుకుల్లో 3 నుంచి 5 శాతం వరకు తగ్గవచ్చు, 80 అంగుళాల మీద అది 4 అంగుళాల వరకు పోతుంది. కదలని మంచం మీద అది చిన్న నష్టమే గానీ, వంపు కోసం మిగుల్చుకున్న అంగుళాలన్నీ ఇక్కడ దాంతోనే హరించుకుపోతాయి. ఉతుకు విషయంలో ఒక చిక్కుంది: దుమ్ము పురుగులు చావాలంటే 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లు కావాలి, పాలీయూరిథేన్ పొరల్లో కొన్ని ఆ వేడికి బట్ట నుంచి విడిపోతాయి. ఎలర్జీ ఉన్న ఇంటివారు 60 డిగ్రీలకు తట్టుకుంటుందని చీటీ మీద ఉన్నదే కొనాలి. బ్లీచు, ఇస్త్రీ సాధారణంగా ఈ పొరలకు పడవు.

వృద్ధుల కోసం, ఎక్కువసేపు మంచంలోనే ఉండేవారి కోసం కొనేటప్పుడు ముడత అసౌకర్యంతో ఆగదు. తలవైపు ఎత్తిన మంచం మీద ఒళ్లు మెల్లగా కిందికి జారుతుంది, చర్మం మాత్రం బట్టకు అంటుకొని అక్కడే ఉంటుంది. ఈ లోపలి లాగుడుకు నడుము కింది ఎముక దగ్గర కణజాలం నలిగి పడకపుండ్లు మొదలవుతాయి. అందుకే పుండ్ల ప్రమాదం ఉన్నవారికి, వైద్యుడు వేరుగా చెప్పకపోతే, తలవైపు 30 డిగ్రీలకు మించి ఎక్కువసేపు ఎత్తి ఉంచవద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ముందు మోకాళ్ల భాగం కొద్దిగా లేపి, ఆ తర్వాత తలవైపు ఎత్తితే జారుడు తగ్గుతుంది. ఇక్కడ గరుకైన, కుట్ల గీతలు ఉబ్బిన దూది ప్రొటెక్టర్ కంటే, నున్నని, సాగే, ఒక్క పొర కవరు క్షేమం. నడుము కింద అడ్డంగా వేసే చిన్న షీటు, ఆసుపత్రి భాషలో డ్రా షీటు, తడిసినప్పుడు మొత్తం కవరు విప్పే శ్రమ తప్పిస్తుంది. మంచం ఎత్తిన ప్రతిసారీ దాన్ని చేత్తో సరిచేయడం మరవకూడదు.

కవరు అడుగు భాగం కూడా పట్టించుకోదగినదే. కాళ్లవైపు పరుపు జారకుండా ఆపే లోహపు కమ్మి చాలా మంచాలకు ఉంటుంది, చట్రం మీద గరుకు బట్ట కూడా అతికిస్తారు. నున్నని ప్లాస్టిక్ అడుగు గల సంచి ఆ పట్టును పోగొట్టి, పరుపు బరువంతా కమ్మి మీద మోపుతుంది. అంచుకు వేలాడే కుచ్చుల షీట్లు కదిలే కీళ్లలో చిక్కుకుంటాయి కనుక ఈ మంచానికి పనికిరావు.

కొత్త కవరును తొడిగాక చీటీలు తెంచకముందే మంచాన్ని తలవైపు, కాళ్లవైపు పూర్తిగా ఎత్తి, కాసేపు అలాగే ఉంచి, దించి, ఇలా నాలుగైదుసార్లు చేసి తలవైపు మూలలు చూడాలి. అవి రెండు అంగుళాలు పైకి జరిగి ఉంటే, ఉతికాక పూర్తిగా ఊడతాయి. ఆ కవరును తిరిగి ఇచ్చేయడమే నయం. నిలిచిన కవరుకు ఒక మూలన రంగు దారంతో గుర్తు కుట్టుకుంటే, ప్రతి ఉతుకు తర్వాత తలవైపు అంచును కాళ్లవైపుకు మార్చి తొడగవచ్చు. తలవైపు మూలల ఎలాస్టిక్ మీదే ఎక్కువ లాగుడు పడుతుంది కాబట్టి ఇలా మార్చితే రెండు చివరలూ సమంగా అరిగి కవరు ఎక్కువకాలం పనిచేస్తుంది. స్ప్లిట్ టాప్ షీటుకు ఈ వెసులుబాటు లేదు, కనుక దాన్ని కొనేటప్పుడే తలవైపు మూలల కుట్టును, ఎలాస్టిక్ వెడల్పును రెండింతలు శ్రద్ధగా చూడాలి.